మొదటి బంతి ఎక్కడ పడింది? డ్రైవింగ్ రేంజ్ సాధనతో గోల్ఫ్ ఆట నిజంగా మెరుగవుతుందా?

తెరపై: సాయంత్రం ఏడు గంటలు. డ్రైవింగ్ రేంజ్‌లో ఫ్లడ్‌లైట్లు. వరుసగా పచ్చటి మ్యాట్లు. ఒక మ్యాట్ పక్కన ఖాళీ బకెట్.

నమస్కారం. రెండేళ్ళ కిందట ఒక శనివారం సాయంత్రం ఇలాంటి రేంజ్‌లోనే వంద బంతుల బకెట్ ఖాళీ చేసి నిలబడ్డాను. చివరి ఇరవై బంతులూ అనుకున్నట్టే వెళ్ళాయి. సెవెన్ ఐరన్ అనే క్లబ్బుతో, అంటే బంతి కొట్టే కర్రతో, కొట్టింది కొట్టినట్టు ఒకే చోట పడింది. పక్కన మా కోచ్ గారున్నారు. చిన్నప్పుడు క్యాడీగా ఆటగాళ్ళ బ్యాగులు మోసి, ఆటను కళ్ళతో నేర్చుకుని, తర్వాత కోచ్ అయిన మనిషి. "సార్, ఇవాళ సెట్ అయిపోయింది" అన్నాను సంబరంగా. ఆయన ఒక్క మాట అడిగారు.

"నీ మొదటి బంతి ఎక్కడ పడింది బాబూ?"

నాకు గుర్తు లేదు. మొదటి పది బంతులు ఎటు పోయాయో అసలు చూడనే లేదు. ఒళ్ళు వేడెక్కడానికి కొట్టినవి కదా, వాటికేం లెక్క అనుకున్నాను. మర్నాడు ఆదివారం గోల్ఫ్ కోర్సులో మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట, నిలబడి కొట్టిన బంతి కుడివైపు చెట్లలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నా స్కోరు 104. అంతకు నెల ముందు 103. ఆ నెలలో రేంజ్‌లో కొట్టిన బంతులు వెయ్యికి పైనే ఉంటాయి.

గోల్ఫ్ ఆడనివాళ్ళ కోసం ఒక ముక్క. ఈ ఆటలో స్కోరు ఎంత తక్కువైతే అంత మంచిది. 18 హోల్స్, అంటే 18 గుంతల్లో బంతి వేయడం, పూర్తి చేయడానికి ఎన్నిసార్లు కొట్టారన్నదే లెక్క. మామూలు కోర్సుకు పార్, అంటే బాగా ఆడేవాళ్ళకు పట్టాల్సిన లెక్క, 72. డ్రైవింగ్ రేంజ్ అంటే మ్యాట్ మీద నిలబడి, బకెట్‌కు ఇంత అని డబ్బు కట్టి, ఎదురుగా ఉన్న మైదానంలోకి బంతులు కొట్టుకునే చోటు. క్రికెట్‌కు నెట్స్ ఎలాగో గోల్ఫ్‌కు ఇది అలాగ.

తెరపై: నల్లబల్ల మీద ఏడో ఎక్కం.

ఎక్కాలు ఎలా చదివామో గుర్తుందా? ఏడొకట్లు ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి... మొదటి నుంచి ఎత్తుకుంటే నోరు దానంతట అదే పోయేది. మాస్టారు మధ్యలో ఆపి "ఏడెనిమిదులు?" అంటే మాత్రం, మనసులో మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటూ వచ్చి యాభై ఆరు దగ్గర ఆగేవాళ్ళం. ఎక్కం వచ్చింది, ఏడెనిమిదులు రాలేదు.

రేంజ్‌లో మనలో చాలామంది చేసేది ఎక్కం చదవడమే. ఒకే క్లబ్బు, ఒకే గురి, ఇరవై సెకన్లకో బంతి. మొదటిది కుడికి పోతుంది. రెండోదానికి చేతులు కొంచెం తిప్పుతాం. మూడోది ఎడమకు పోతుంది. కొంచెం తగ్గిస్తాం. ఆరో బంతి తిన్నగా వెళుతుంది. ఏడో బంతికి కావలసిన సమాచారమంతా ఆరో బంతి ఇచ్చేసింది. అక్కడి నుంచి వరుసగా బాగా పడుతుంటే అది నేర్చుకోవడమని మనం నమ్ముతాం. నేనూ నమ్మాను.

కోర్సులో ఏడెనిమిదులే అడుగుతారు. అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్‌తో ఒకటి కొడతాం. నడిచి వెళ్ళి, మనవాళ్ళు కొట్టేదాకా ఆగి, నాలుగైదు నిమిషాల తర్వాత వేరే క్లబ్బుతో వేరే దూరానికి ఇంకొకటి. ఆ తర్వాత దగ్గరి దూరానికి వెడ్జ్, ఆ తర్వాత బంతిని గుంతలోకి దొర్లించే పుట్టర్. మళ్ళీ డ్రైవర్ చేతికి వచ్చేసరికి పావుగంట గడిచిపోయి ఉంటుంది. నాలుగు గంటల ఆటలో కొట్టిన బంతినే మళ్ళీ కొట్టే అవకాశం దాదాపు రాదు. గోల్ఫ్‌లో ప్రతి షాటూ మొదటి బంతే.

ఇది నా ఊహ కాదు. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. చేతిలో టెన్నిస్ బంతి పట్టుకుని, చిన్న చెక్క పలకలను చెప్పిన క్రమంలో వేగంగా పడగొట్టాలి. అలాంటి క్రమాలు మూడు. ఒక గుంపు మొదటి క్రమం పూర్తిగా సాధన చేసి, తర్వాత రెండోది, తర్వాత మూడోది చేసింది. ఇంకో గుంపుకు మూడూ కలగాపులగంగా ఇచ్చారు. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి గుంపే ముందుంది. పది రోజుల తర్వాత పిలిచి పరీక్షిస్తే రెండో గుంపు ముందుంది.

నాకు ఇంతకన్నా నచ్చింది 1994 నాటి బేస్‌బాల్ అధ్యయనం, ఎందుకంటే అందులో ఉన్నది అప్పటికే ఆట తెలిసిన కాలేజీ ఆటగాళ్ళు. మామూలు ప్రాక్టీసుకు అదనంగా వారానికి రెండుసార్లు, ఆరు వారాలు, సారికి 45 బంతులు ఆడించారు. మూడు రకాల బంతులు, రకానికి పదిహేను. ఒక గుంపుకు రకం తర్వాత రకం వరుసగా వేశారు. ఒక గుంపుకు ఏది వస్తుందో తెలియకుండా కలిపి వేశారు. మూడో గుంపుకు అదనపు ప్రాక్టీసే లేదు. ఆఖరున పరీక్ష పెడితే కలిపి ఆడినవాళ్ళు సుమారు 57 శాతం మెరుగయ్యారు. వరుసగా ఆడినవాళ్ళు 25 శాతం. అదనంగా ఏమీ చేయనివాళ్ళు 6 శాతం. రెండు గుంపులూ కొట్టిన బంతుల సంఖ్య ఒకటే. సాధన ఎంత అన్నది ఒక్కటే ప్రశ్న అయితే ఇద్దరూ సమానంగా ఎదగాలి కదా!

ఇంకో సంగతి కూడా చూడండి. వరుసగా ఆడినవాళ్ళు కూడా అసలు ఆడనివాళ్ళ కన్నా చాలా ముందున్నారు. కాబట్టి రేంజ్ దండగ అనే మాట తప్పు. మామూలుగా చేసే సాధనతో కూడా ఎంతో కొంత వస్తుంది. రావలసినంత రాదు, అంతే.

తెరపై: మ్యాట్ మీద బంతిని దగ్గరగా చూపాలి. క్లబ్బు బంతి వెనకే నేలను తాకడం స్లో మోషన్‌లో.

ఇప్పుడు మ్యాట్ దగ్గరికి వద్దాం. గడ్డి మీద ఐరన్‌తో కొట్టేటప్పుడు క్లబ్బు ముందు బంతిని తాకి, తర్వాత నేలను తాకాలి. రెండంగుళాలు వెనక తాకిందంటే క్లబ్బు మట్టిలో దిగబడుతుంది, బంతి సగం దూరం కూడా పోదు. దీన్ని ఫ్యాట్ షాట్ అంటారు. అదే తప్పు మ్యాట్ మీద చేస్తే క్లబ్బు దిగబడదు, జారి వెళ్ళి బంతిని తాకుతుంది. బంతి లేస్తుంది, బాగానే పోతుంది. మనం తప్పు చేశామని మ్యాట్ మనకు చెప్పదు. ఇన్ని నెలలు నేను చేసిన తప్పు ఇదే. అది బయటపడింది కోర్సులో గడ్డి మీద.

ఇంకొకటి, మ్యాట్ చదునుగా ఉంటుంది. గోల్కొండలో నయా ఖిల్లా కోర్సు చూడండి, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ చూడండి. బండరాళ్ళ నేల, ఎత్తుపల్లాలు. బంతి పాదాల కన్నా ఎత్తులో ఉంటే కుడిచేతి ఆటగాడికి ఎడమకు తిరుగుతుంది, కిందికి ఉంటే కుడికి పోతుంది. ఎగువకు కొడితే బంతి ఎత్తు లేచి దూరం తగ్గుతుంది. రేంజ్‌లో వెయ్యి బంతులు కొట్టినా వీటిలో ఒక్కటీ ఎదురుపడదు.

రేంజ్ బంతులు కూడా వేరు. ఎక్కువ కాలం మన్నడానికి చేసినవి, పైగా అరిగిపోయినవి. చాలావరకు అసలు బంతి పోయినంత దూరం పోవు. వాటితో "నా సెవెన్ ఐరన్ 140 యార్డులు" అని లెక్క కట్టుకుంటే కోర్సులో క్లబ్బు ఎంపిక తప్పుతుంది. దూరాలు కోర్సులో కొలుచుకోండి.

వెడల్పు మరీ ముఖ్యం. రేంజ్ ఎదురుగా విశాలమైన మైదానం. ఎటు పోయినా బంతి గడ్డి మీదే పడుతుంది, పర్లేదనిపిస్తుంది. కోర్సులో ఫెయిర్‌వే, అంటే టీ నుంచి గుంత వైపు వెళ్ళే కత్తిరించిన గడ్డి దారి, వెడల్పు సాధారణంగా ముప్పై, నలభై యార్డులు. యార్డంటే మన గజమే. ఆ గీతలు కళ్ళ ముందు లేకపోతే మంచి షాట్ ఏదో, చెడ్డది ఏదో తెలిసే దారి లేదు.

తెరపై: రెండు భాగాలుగా తెర. ఒకవైపు డ్రైవర్‌తో దూరంగా కొట్టిన బంతి, ఇంకోవైపు గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పుట్.

ఇక్కడ చాలామంది సీనియర్లు ఒక మాట అంటారు. "రేంజ్ మానేయ్, పుటింగ్ చెయ్, స్కోరు అక్కడే ఉంది" అని. పార్ 72లో హోల్‌కు రెండు పుట్ల చొప్పున 36 పుట్లే కాబట్టి ఈ మాట నిజమనిపిస్తుంది. కానీ కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్లను లెక్కకట్టి చూస్తే తేలింది వేరు. బాగా ఆడేవాళ్ళకూ మామూలుగా ఆడేవాళ్ళకూ మధ్య స్కోరు తేడాలో సుమారు మూడింట రెండు వంతులు వంద యార్డుల కన్నా ఎక్కువ దూరం నుంచి కొట్టే షాట్లలోనే ఉంది. పుటింగ్‌ను కొలవడానికి ఆయన పద్ధతిని అమెరికాలో ప్రొఫెషనల్ టోర్నమెంట్లు నడిపే పీజీఏ టూర్ 2011 నుంచి వాడుతోంది. అంటే దూరం షాట్లు నేర్చుకోక తప్పదు, నగరంలో ఉండేవాళ్ళకు వాటిని రోజూ నేర్చుకునే చోటు రేంజే. అందుకే నేను రేంజ్ మానలేదు. మానమని మీకూ చెప్పను.

విజయ్ సింగ్‌నే చూడండి. ఫిజీలో పుట్టిన భారత సంతతి ఆటగాడు. రేంజ్‌లో అందరికన్నా ఎక్కువ గంటలు గడిపే మనిషిగా పేరు. 2004లో, 41 ఏళ్ళ వయసులో, ఒకే ఏడాది తొమ్మిది టోర్నమెంట్లు గెలిచి, టైగర్ వుడ్స్‌ను దాటి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. కానీ రేంజ్‌లో నేర్చుకున్నది నిలిచిందో లేదో టోర్నమెంట్లో వెంటవెంటనే పరీక్షించుకునే జీవితం అతనిది. మనం నెలంతా రేంజ్‌లో ఉండి ఒక్క ఆదివారం కోర్సుకు వెళతాం.

అటు పక్క మన దేశపు గోల్ఫర్ ఎస్.ఎస్.పి. చౌరాసియా. కోల్‌కతాలో 1829 నాటి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో కోర్సు గడ్డిని చూసుకునే గ్రీన్‌కీపర్ కొడుకు. కోర్సు పక్కన పెరిగి, చూసి నేర్చుకున్నాడు. 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. గ్రీన్ చుట్టూ అతని చేతివాటం చూసి తోటి ఆటగాళ్ళు చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్), పుట్ కలిపి "చిప్‌పుట్షియా" అని ముద్దుపేరు పెట్టారు. దూరం కొట్టడంలో అతను పెద్దవాడేం కాదు. నేల తెలిసిన మనిషి. మ్యాట్ మీద నిలబడ్డప్పుడల్లా నాకు అతను గుర్తొస్తాడు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒక మినహాయింపు ఉంది. గ్రిప్ (క్లబ్బు పట్టుకునే తీరు), నిలబడే తీరు ఇంకా కుదరని మొదటి నెలల్లో ఒకే క్లబ్బుతో, ఒకే షాట్ పదేపదే కొట్టడమే సరి. ఎక్కం ముందు వరుసగానే నేర్చుకోవాలి. కోచ్ ఒక మార్పు చెప్పినప్పుడు కూడా అంతే.

తెరపై: యాభై బంతుల బకెట్. పక్కన చిన్న నోట్‌బుక్, ఒక తువ్వాలు.

నేను ఇప్పుడు వంద బంతులు తీసుకోవడం లేదు. యాభై చాలు. గట్టి మ్యాట్ మీద వందసార్లు కొడితే మోచేయి, మణికట్టు కూడా నొప్పి పెడతాయి.

మొదటి పదిహేను బంతులు కోచ్ గారు చెప్పిన ఏదో ఒక్క విషయం మీద. బంతికి జానెడు వెనక తువ్వాలు మడిచి పెడతాను. క్లబ్బు తువ్వాలును తాకిందంటే ఫ్యాట్ కొట్టినట్టే. మ్యాట్ చెప్పని నిజం తువ్వాలు చెబుతుంది.

తర్వాత ముప్పై బంతులు ఆట. నాకు బాగా తెలిసిన కోర్సు మనసులో పెట్టుకుని మొదటి హోల్ మొదలుపెడతాను. దూరంగా రెండు జెండాలు చూసుకుని వాటి మధ్యే ఫెయిర్‌వే అనుకుంటాను. డ్రైవర్‌తో ఒక్క బంతి. కుడి జెండా దాటిందా, చెట్లలో ఉన్నట్టే. అప్పుడు తర్వాతి బంతి ఫైవ్ ఐరన్‌తో తక్కువ ఎత్తులో బయటికి తీసే షాట్. ఫెయిర్‌వేలో ఉందా, గ్రీన్‌కు ఎంత దూరమో లెక్కేసి ఆ క్లబ్బు. ప్రతి బంతికీ క్లబ్బు మారుతుంది. ప్రతి బంతికీ మ్యాట్ దిగి, వెనక నిలబడి, గురి చూసుకుని, మళ్ళీ మ్యాట్ ఎక్కుతాను. ముప్పై బంతులకు అరగంట పైనే పడుతుంది. పక్క మ్యాట్ మీది వాళ్ళు రెండు బకెట్లు పూర్తి చేస్తారు. మొదట్లో అది చూసి టెన్షన్ వచ్చేది, డబ్బు కట్టి టైం పోగొట్టుకుంటున్నానేమో అని. పైగా ఇలా కొడితే బంతులు అధ్వానంగా పోతాయి. పలకల ప్రయోగంలో రెండో గుంపుకూ మొదట అలాగే జరిగిందని గుర్తు చేసుకుని ఆగుతాను.

నాలుగు బంతులు వెడ్జ్‌తో, నాలుగు వేర్వేరు దూరాలకు. ఆ తర్వాత రేంజ్ పక్కన పుటింగ్ గ్రీన్ ఉంటే అక్కడ ఒకే ఒక బంతితో పావుగంట. మూడు బంతులు పెట్టుకుని అదే పుట్ మూడుసార్లు కొట్టడం మళ్ళీ ఎక్కమే.

లెక్క పెట్టారా? ఇంకా ఒక్క బంతి మిగిలింది.

తెరపై: బకెట్ అడుగున ఒకే ఒక్క బంతి.

దీన్ని వెంటనే కొట్టను. పుటింగ్ అయ్యాక వచ్చి కూర్చుని నీళ్ళు తాగుతాను. ఐదు నిమిషాలు ఫోన్ చూడను, క్లబ్బు ముట్టుకోను. ఒళ్ళు కొంచెం చల్లబడుతుంది. అప్పుడు లేచి, డ్రైవర్ తీసుకుని, ఆ రెండు జెండాల మధ్యకు ఒక్కసారి కొడతాను. లోపల పడితే నోట్‌బుక్‌లో టిక్కు, బయట పడితే సున్నా.

మొదలుపెట్టిన కొత్తలో పన్నెండు సాయంత్రాలకు రెండు టిక్కులు. మొన్నటి పన్నెండుకు ఐదు. పోయిన ఆదివారం కోర్సులో నా స్కోరు 97. ఇంటికి రాగానే కోచ్ గారికి ఫోన్ చేసి చెప్పాను. "మొదటి టీ నుంచి?" అన్నారు. ఫెయిర్‌వేలోనే పడిందని చెప్పాను.