బంగారు కత్తి ఎత్తుకోని ఎంతసేపు నిలబడతావు?

చెల్లి: నమస్తే. తిరుపతిలో మా మిద్దె మీద కూచోని మాట్లాడుతున్నాం. మధ్యలో రైలు కూత వినపడితే ఏమీ అనుకోవద్దు, స్టేషన్ పక్కనే. నా ఎదురుగా ఉన్న అన్న పగలు ఐటీఐలో వెల్డింగ్ నేర్పిస్తాడు, సాయంత్రం పిల్లకాయలకు కర్రసాము. నా ఫ్యాంటసీ నవల చిత్తుప్రతి చదవమని ఇచ్చినా. చదివి నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు.

అన్న: ఎత్తి ఏం చెప్పేది మా? నీ యువరాజు బంగారు కత్తి ఎత్తుకోని పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా కొట్లాడతా ఉండాడు.

చెల్లి: ఫ్యాంటసీ కదన్నా!

అన్న: అందుకే ఇది తెచ్చినా. పట్టుకో. చెయ్యి ముందుకు చాపు. మోచెయ్యి వంచకూడదు.

చెల్లి: ఇనుప కడ్డీ. ఎంత ఉంటుంది?

అన్న: మూడు కేజీలు, తూకం వేయించే తెచ్చినా. మామూలు ఉక్కు కత్తి కేజీంబావు లోపలే. సినిమాలో చూపించినట్ల పది కేజీల కత్తి ఎవురూ యుద్ధానికి ఎత్తకపోలేదు. అదే కత్తి అదే కొలతల్లో బంగారంతో పోస్తే? ఉక్కు సాంద్రత 7.8, బంగారానిది 19.3. రెండున్నర రెట్లు. నీ చేతిలో ఉండేది అదే బరువు. దించొద్దు, అట్లే పట్టుకోనుండు, మాట్లాడుకుందాం.

చెల్లి: సరే. నా యువరాజుకు కొంచెం కండలున్నాయి అనుకోండి.

అన్న: కండలుంటే మాత్రం? కర్రసాములో నిజంగా దెబ్బ వేసేటట్ల రెండు నిమిషాలు తిప్పితే కుర్రోళ్ళకే నోట్లో తడి ఆరిపోతాది. దినమంతా యుద్ధం అంటే దినమంతా కొట్టుకోవడం కాదు. తోసుకుంటారు, వెనక్కి జరుగుతారు, ఊపిరి తీసుకుంటారు, నీళ్ళు తాగుతారు. నీ నవల్లో నీళ్ళు తాగినోడు ఒక్కడు లేడు.

చెల్లి: అన్నా... చెయ్యి వణుకుతోంది.

అన్న: నలభై సెకన్లు. దించెయ్. అదీ కడ్డీని మధ్యలో పట్టుకున్నావు కాబట్టి సరిపోయింది. కొస పట్టుకోనుంటే పది సెకన్లకే కాళ్ళ మీద వేసుకుంటావు. అందుకే కత్తి చేసేవాడు బరువును పిడి కాడికి లాగుతాడు.

చెల్లి: (నవ్వు) వినేవాళ్ళు ఇంట్లో చేసి చూడొద్దు. సరే, కత్తి తీసేసి విల్లు ఇస్తాను. నా నవల్లో సన్నటి అమ్మాయి ఒకరుంది, ఆమెకి.

అన్న: అందురూ చేసే తప్పు అదే. లావుపాటోడికి కత్తి, సన్నపాటోళ్ళకు విల్లు. ఇంగ్లండులో మేరీ రోజ్ అని 1545లో మునిగిపోయిన ఓడ ఉండాది. 1982లో పైకి తీసినారు. దాంట్లో దొరికిన విల్లులు లాగడానికి 100 నుంచి 185 పౌండ్ల బలం కావాలని లెక్క తేల్చినారు. మన లెక్కలో 45 కేజీల నుంచి 80 పైన. రెండు 25 కేజీల బియ్యం మూటల్ని ఒకేసారి వేళ్ళ మీద ఎత్తినట్ల. ఆ అమ్మాయి చేతికి విల్లే ఇవ్వు, కానీ ఏడేళ్ళప్పటి నుంచి లాగతా ఉండాది అని రాయి. ఒక భుజం ఇంకో భుజం కంటే దిట్టంగా ఉండాదని రాయి. పెండ్లిలో రవిక కుట్టేవాడు ఆమె కొలతలు తీసుకోని తికమక పడతాడు చూడు, ఆ సీను రాయి. నేను నమ్ముతా.

చెల్లి: అబ్బా, అది నేనే రాసుంటే బాగుండు.

అన్న: ఎత్తుకో, ఊరికే ఇస్తా ఉండా. మా ఊళ్ళో ధర్మరాజుల గుడి కాడ భారతం ఆడతారు గదా. ఆఖరున దుర్యోధనుడి వధ. నేలమీద ఇంత పొడుగు మట్టిబొమ్మ, పడుకోని ఉంటాది. భీముడి వేషం కట్టినాయన గద చేత్తో పట్టి చూసినా నేను. చెక్కది, దూదిపింజ మాదిరి. అయినా జనం కేకలు వేస్తా ఉండారు. ఎందుకో చాలా దినాలు అర్థం కాలేదు. తర్వాత ఒకసారి ఆయన కాళ్ళు చూసినా. గద ఎత్తేముందు ఎడమకాలు దూరంగా పెడతాడు. నడుము వెనక్కి వంగతాది. ఊపిరి బిగపడతాడు. బరువు గదలో లేదు మా, ఆయన నడుములో ఉండాది. నీ పుస్తకంలో కత్తి తళతళ రెండు పేజీలు ఉండాది, పట్టుకున్నోడి నడుము ఒక్క వాక్యం లేదు.

చెల్లి: ఒప్పుకున్నా. ఇక నా మాయలోహం సంగతి. నల్లటి లోహం, ఎన్నటికీ విరగదు, తుప్పు పట్టదు.

అన్న: ఎన్నటికీ విరగనిది అంటే అక్కడితో కథ అయిపోయినట్లే. నిజం లోహం చెప్తా విను. ఇంగ్లీషోళ్ళు వూట్జ్ అంటారు, మన ఉక్కు అనే మాటే నోరు తిరగక అట్ల అయిందంటారు. తెలంగాణలో కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుమోసింది. దక్షిణాది నుంచి పడమటి దేశాలకు పోయి కత్తులయ్యేది. సేలం పక్కన ఎట్ల చేసేవాళ్ళో దొరలు రాసి పెట్టినారు. ఇనుము ముక్కలు, తంగేడు కట్టె, జిల్లేడు ఆకు మట్టిమూసలో పెట్టి మూత పూడ్చి కాలుస్తారు. తంగేడు, జిల్లేడు మన చంద్రగిరి దోవంతా ఉండాయి గదా! ఆకు, కట్టెలోని బొగ్గు ఇనుములోకి ఎక్కతాది. సుమారు ఒకటిన్నర శాతం.

చెల్లి: అంటే మంత్రం కాదు, జిల్లేడాకు.

అన్న: దాని తిక్క కూడా చెప్పాల. ఎర్రగా కాల్చి కొట్టాల. తెల్లగా అయ్యేదాకా కాల్చితే సుత్తి కింద పొడిపొడి అయిపోతాది. యూరప్ కమ్మరోళ్ళు వాళ్ళ అలవాటు కొద్దీ బాగా కాల్చి, పగలగొట్టుకోని, సరుకు మంచిది కాదన్నారంట. నీ మాయలోహానికి అట్లాంటి తిక్క ఒకటి పెట్టు. శత్రువు ముడిలోహం దొంగిలించినా కమ్మరి లేకపోతే దండగ. అప్పుడు వాళ్ళు ఎవుర్ని ఎత్తకపోతారు?

చెల్లి: కమ్మరిని. ఇంకో నవల దొరికింది! తుపాకులకు, బాంబులకు కూడా ఇదే లెక్కా?

అన్న: అదే. హైదర్ అలీ చనిపోయింది యాడ తెలుసా? మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట, 1782 డిసెంబర్. అంతకు రెండేళ్ళ ముందు కాంచీపురం కాడ పొల్లిలూరులో ఆయన సైన్యం వదిలిన మైసూరు రాకెట్లు ఎగిరినాయి. వాటి కిటుకు తుపాకిమందులో కాదు, గొట్టంలో. ఇనుప గొట్టం వాడినారు. లోపల ఎక్కువ ఒత్తిడి ఓర్చుకుంటాది కాబట్టి దూరం పోతాది. కానీ గురి? ఒకటి ఎటు పోతాదో దేవుడికే తెలియాల. కాబట్టి ఒక మనిషిని చూసి వెయ్యరు. గుంపు మీదికి, గుర్రాల మీదికి కట్టలు కట్టలుగా వదులుతారు. చేతకానిది ఏందో తెలిస్తేనే దాన్ని ఎట్ల వాడతారో తెలుస్తాది. మందుకు సురేకారం కావాల. పశువుల పాకల కాడ మన్ను గీరి, నీళ్ళల్లో నానబెట్టి, కాచి తీసేవాళ్ళు. నీ రాజ్యంలో ఆ మన్ను గీరేదెవురు?

చెల్లి: ...ఇంకా ఎవరూ లేరు. సైన్స్ ఫిక్షన్ రాసే మిత్రులు కూడా వింటుంటారు, వాళ్ళ కోసం ఒక మాట?

అన్న: శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లానే. 2019 జనవరిలో అక్కడి నుంచి మైక్రోశాట్-ఆర్ అనే ఉపగ్రహం పోయింది, మార్చి 27న మనవాళ్ళే క్షిపణితో దాన్ని కొట్టినారు. సుమారు 300 కిలోమీటర్ల ఎత్తు. పేలుడు మందు లేదు, గుద్దడమే. సెకనుకు పది కిలోమీటర్ల వేగంతో ఒక్క కేజీ ముక్క తగిల్తే పన్నెండు కేజీల టీఎన్‌టీ పేలినట్ల. అంత వేగం ఉంటే బాంబు ఎందుకు? అంత తక్కువ ఎత్తులో కొట్టింది కూడా ముక్కలు తొందరగా కిందికి పడిపోవాలనే. పైన కొట్టింటే ఏండ్ల తరబడి తిరగతా ఉంటాయి, మన ఉపగ్రహాలకే తగలతాయి. నీ మిత్రుల కథల్లో వంద అంతరిక్ష ఓడలు పేలిపోతాయి, మర్నాడు అదే దోవలో పెండ్లి ఊరేగింపు పోతాది. ఇంకోటి, లేజరు కాలిస్తే సొంత ఓడ కూడా వేడెక్కతాది. ఫ్యాను పెడదామంటే గాలి యాడుండాది అక్కడ?

చెల్లి: (నవ్వు) అయితే నా బంగారు కత్తి తీసేయాల్సిందేనా?

అన్న: ఎందుకు తీసేది? ఊరేగింపులో నడుముకు కట్టించు. అసలు ఉక్కు కత్తి గోనెపట్టలో చుట్టుకోని వెనకాల నౌకరు ఒకడు వస్తాడు.

చెల్లి: ఆ నౌకరు ఒకరోజు ఇవ్వకపోతే?

అన్న: అది నువ్వు రాసుకో. ఆ కడ్డీ యాడ పెట్టినావు? రేపు క్లాసులో పిల్లకాయలకు కావాల.