భయం ఉన్నచోట కబురు రాదు

(ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో ఒక రిటైర్డ్ టీచర్ చేసిన ప్రసంగం)

పనులు మానుకుని వచ్చిన అమ్మలకు, నాన్నలకు, మనవళ్ళ కోసం వచ్చిన తాతయ్యలకు, నాయనమ్మలకు, నా తోటి టీచర్లకు నమస్కారం.

నేను 32 ఏళ్ళు సోషల్ పాఠం చెప్పాను. అన్నేళ్ళూ ప్రతి జూన్‌లో ఒక మాట వింటూనే ఉన్నాను. పిల్లాడిని చెయ్యి పట్టుకుని అడ్మిషన్‌కు తీసుకొచ్చిన తండ్రి, వెళ్ళబోతూ అనే మాట: "కళ్ళు రెండూ వదిలేసి తోలు వలిచెయ్యండి మేడమ్, మేమేమీ అనుకోం." ఆ తండ్రికి కొడుకు మీద ప్రేమ లేక కాదు. తనకు రాని చదువు వాడికి ఎలాగైనా రావాలని. ఆ మాట వింటున్నప్పుడు నేను తండ్రి ముఖమే చూసేదాన్ని. పక్కన నిలబడ్డ పిల్లాడి ముఖం చూడటం నాకు చాలా ఆలస్యంగా అలవాటైంది.

ఆ పిల్లాడికి ఆ మాటలో ఏం వినపడింది? ఈ బడిలో నాకేం జరిగినా ఇంట్లో చెప్పుకునే దారి లేదు అని వినపడింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ సంగతి గురించే.

నేనూ కొట్టిన టీచర్నే. దాచుకోను. బడిలో పిల్లల్ని కొట్టకూడదని మన ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే విద్యా నియమావళిని సవరించారు. ఆ కాగితం స్టాఫ్ రూమ్‌కు వచ్చింది, చదివాం, సంతకాలు పెట్టాం, ఫైల్లో పెట్టాం. బెత్తం మాత్రం బీరువా మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నా క్లాసులో ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు. వరసగా నాలుగు రోజులు నోట్సు తేలేదు. ఏమైందిరా అంటే తల దించుకుని నిలబడ్డాడు. మొండితనం అనుకున్నాను. చెక్క స్కేలు నిలువుగా తిప్పి మెటికల మీద కొట్టాను. ఏడవలేదు. "ఎంత పొగరో చూడండి, కంట్లోంచి చుక్క రాలేదు" అని స్టాఫ్ రూమ్‌లో చెప్పాను కూడా. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్న భోజనం వరసలో, ఎవడో ఆరో తరగతి పిల్లాడు తోశాడని, వీడు జామెట్రీ బాక్సులోంచి కంపాస్ తీసి వాడిని పొడిచాడు. భుజంలో దిగింది. జానెడు పైకి తగిలి ఉంటే కన్ను పోయేది.

టీసీ ఇచ్చి పంపేద్దాం అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చేదాకా వాడిని నా దగ్గర కూర్చోబెట్టారు. వాడు నోరు విప్పలేదు. వాడి క్లాసు ఆడపిల్లలు ఇద్దరు తలుపు దగ్గర చాలాసేపు తచ్చాడి, చివరికి లోపలికి వచ్చి చెప్పారు. పదో తరగతి పిల్లలు ముగ్గురు రోజూ వీడి దగ్గర డబ్బులు గుంజుకునేవారట. లేవంటే నోట్సు లాక్కెళ్ళి నీళ్ళ ట్యాంకులో పడేసేవారట. నేను మెటికల మీద కొట్టింది ఆ నోట్సు కోసమే.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను. వాడు చాలా మామూలుగా అన్నాడు: "అడిగారు గానీ, చెప్పేలోపే కొట్టేశారు కదా మేడమ్."

ఆ క్లాసులో 52 మంది. అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

ఈ సంగతి మన ఊరిదే కాదు. 1999 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు తోటి పిల్లల్ని, ఒక టీచర్‌ని కాల్చి చంపారు. దాని తర్వాత అక్కడి అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 1974 నుంచి 2000 దాకా బడుల్లో జరిగిన 37 దాడుల్ని ఒక్కొక్కటిగా పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. ఎలాంటి పిల్లలు ఇలా చేస్తారో ముందే గుర్తుపట్టే ఒక నమూనా దొరుకుతుందని చాలామంది ఆశపడ్డారు. దొరకలేదు. బాగా చదివేవాళ్ళున్నారు, చదవనివాళ్ళున్నారు, స్నేహితులున్నవాళ్ళున్నారు, ఒంటరివాళ్ళున్నారు. కానీ రెండు విషయాలు బయటపడ్డాయి. దాడి చేసిన పిల్లల్లో నూటికి 71 మంది అంతకుముందు తామే వేధింపులు పడ్డామని, గాయపడ్డామని అనుకున్నవాళ్ళు. నూటికి 81 దాడుల్లో, వాడు ఏదో చేయబోతున్నాడని కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. ఆ తెలిసినవాళ్ళు దాదాపు అందరూ పిల్లలే. స్నేహితుడో, క్లాస్‌మేటో, సొంత తమ్ముడో. పెద్దవాళ్ళదాకా ఆ కబురు రాలేదు.

మన చుట్టాల పిల్లలు ఇప్పుడు ఆ దేశంలో చదువుతున్నారు. తుపాకీ పట్టుకుని ఎవరైనా వస్తే లైట్లు తీసేసి బల్లల కింద ఎలా నక్కాలో అక్కడ ఒకటో తరగతి నుంచే ప్రాక్టీసు చేయిస్తారు. మన ఇళ్ళలో తుపాకులు లేవు, అది మన అదృష్టం. కానీ పిల్లలకు తెలిసినది పెద్దలకు తెలియకపోవడం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ఎందుకు చెప్పరు? మన ఇంట్లోనే చూడండి. "ఉండు, మీ నాన్న రానీ, చెప్తా నీ పని" అని అమ్మ అంటుంది. అంటే నాన్న దగ్గరికి వెళ్ళే కబురు ఏదైనా దెబ్బతోనే ముగుస్తుందని పిల్లాడికి నాలుగేళ్ళకే తెలిసిపోతుంది. వాడు పధ్నాలుగేళ్ళకు ఎవడో తనను బెదిరిస్తున్నాడనో, ఫోన్‌లో ఏదో ఫోటో గొడవలో ఇరుక్కున్నాననో నాన్నకు చెప్తాడా? చెప్పడు. వాడి బ్యాచ్‌కు చెప్తాడు. బ్యాచ్‌లో ఉన్నది వాడి వయసు పిల్లలే. వాళ్ళకు తెలిసిన పరిష్కారం ఒక్కటే, "పదరా, వాడి సంగతి చూద్దాం."

2012 ఫిబ్రవరిలో చెన్నైలో ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి క్లాసు గదిలోనే తన హిందీ టీచర్‌ని కత్తితో పొడిచి చంపాడు. పదిహేనేళ్ళ పిల్లాడు. వాడి చదువు గురించి ఆవిడ డైరీలో తల్లిదండ్రులకు రాసిన మాటలే ఆ కోపానికి మూలమని అప్పట్లో పత్రికలు రాశాయి. ఒక టీచర్‌గా ఆ వార్త చదివి నేను వారం రోజులు నిద్రపోలేదు. ఆవిడ చేసిన పని నేను రోజూ చేసేదే. ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను ఊహించి చెప్పడం తప్పు. కానీ ఆ రోజు నుంచి డైరీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసే ముందు, ఇది ఇంటికి వెళ్ళాక ఈ పిల్లకు ఏమవుతుంది అని ఆగి ఆలోచించడం మొదలుపెట్టాను. చాలాసార్లు రాయడం మానేసి, వాళ్ళమ్మకు ఫోన్ చేసి, ముందు ఒక మంచి మాట చెప్పి, తర్వాత అసలు మాట చెప్పేదాన్ని.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం ప్రచురించింది. బడికి వెళ్ళే పిల్లల్లో నూటికి 65 మంది బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. ఆ 13 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది. అన్ని రకాల హింసలోనూ ఎక్కువ నమోదైన నాలుగు రాష్ట్రాల్లోనూ మన పేరుంది, అస్సాం, బిహార్, ఢిల్లీలతో పాటు. అప్పటికి రాష్ట్రం ఉమ్మడిదే కాబట్టి ఇది రెండు తెలుగు రాష్ట్రాల లెక్క.

"దండం దశగుణం భవేత్" అని మన పెద్దలు అన్నారు కదా అంటారు. నిజమే, దెబ్బకు ఆ పూట క్లాసు నిశ్శబ్దమైపోతుంది. అది నేను వేలసార్లు చూశాను. కానీ దెబ్బ ఇంకొకటి కూడా నేర్పుతుంది. 1961లో అమెరికాలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు ఒక పెద్ద మనిషి చేత గాలి బొమ్మను కొట్టించాడు, సుత్తితో బాదించాడు. తర్వాత ఆ పిల్లల్ని అదే బొమ్మతో వదిలేస్తే, అచ్చం అలాగే బాదారు. ఆ పెద్ద మనిషి వాడిన తిట్లే వాడారు. బొమ్మ వేరు, మనిషి వేరు, నిజమే. కానీ మా బడి సంగతి మళ్ళీ గుర్తు చేసుకోండి. పదో తరగతి పిల్లల్లో ఒకడి తండ్రి తాగొచ్చి వాడిని బెల్టుతో కొడతాడని తర్వాత తెలిసింది. తండ్రి వాడిని కొట్టాడు, వాడు ఎనిమిదో తరగతి వాడిని కొట్టాడు, వీడు ఆరో తరగతి వాడిని పొడిచాడు. ఆ వరసలో స్కేలు పట్టుకుని నేనూ ఉన్నాను.

ఇక్కడ నా తోటి టీచర్ల బాధ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరి ముందు సాష్టాంగపడి, చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. మేము కొట్టలేం, తిట్టలేం, మా చేతులు కట్టేశారు అని ఆయన ఆవేదన. ఆ వీడియో మీరందరూ చూసే ఉంటారు. విద్యాశాఖ మంత్రి కూడా స్పందించారు. చూస్తే నాకు కన్నీళ్ళొచ్చాయి. అరవై మంది పిల్లలు, సిలబస్ టెన్షన్, పదో తరగతి పర్సెంటేజీ టెన్షన్, పైనుంచి యాప్‌లో ఫోటోల టెన్షన్. ఆ మనిషి పిల్లల్ని కొట్టకుండా తనను తాను శిక్షించుకున్నాడు. ఆయన మనసు మంచిది. అయినా నేను ఆ దారి వద్దంటాను. శిక్ష పిల్లాడి ఒంటి మీద నుంచి మాస్టారి ఒంటి మీదకు మారింది, అంతే. పిల్లలు ఎందుకు చదవడం లేదో, ఎందుకు మాట వినడం లేదో ఆ రోజు కూడా వాళ్ళను ఎవరూ అడగలేదు.

చేతులు కట్టేశారన్న మాట మాత్రం సగం నిజం. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని రెండింటినీ నిషేధించింది. "మొద్దు మొహం", "నువ్వు గేదెలు కాసుకోవడానికే పనికొస్తావు" లాంటివి కూడా అందులోకే వస్తాయి. అది సరైన చట్టం. కానీ బెత్తం తీసుకున్న ప్రభుత్వం దాని బదులు మా చేతికి ఏమిచ్చింది? నేను పనిచేసిన ఆరు బడుల్లో ఒక్కచోట కూడా పిల్లలతో మాట్లాడే కౌన్సిలర్‌ని చూడలేదు. స్వీడన్ 1979లో ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేసినప్పుడు, ఆ సంగతి పాల డబ్బాల మీద అచ్చువేయించింది, పొద్దున్నే ఇంటిల్లిపాదీ కూర్చున్న చోట చదువుకుంటారని. మన చట్టం ఫైళ్ళలోనే ఉండిపోయింది.

మరి కొట్టకుండా ఏం చేశాం? పెద్ద గొప్పగా ఏమీ చేయలేదు. ఆ కుర్రాడికి టీసీ ఇవ్వలేదు. గాయం మానేదాకా ఆరో తరగతి పిల్లాడిని కట్టు మార్పించడానికి వాడే తీసుకెళ్ళాలి అన్నాం, పక్కన వాళ్ళమ్మ ఉండగా. వాళ్ళిద్దరూ స్నేహితులేం కాలేదు. కానీ మూడోసారి వెళ్ళొచ్చాక "సూది వేస్తుంటే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు మేడమ్" అని చెప్పాడు. నా దగ్గరికి తనంతట తాను వచ్చి వాడు చెప్పిన మొదటి కబురు అది.

తర్వాత శనివారం చివరి పీరియడ్ క్లాసును వేపచెట్టు కింద గుండ్రంగా కూర్చోబెట్టేదాన్ని. ఈ వారం ఏం బాగాలేదో చెప్పండి, పేర్లు వద్దు, జరిగింది చెప్పండి అనేదాన్ని. నాలుగు వారాలు ఎవరూ పెదవి విప్పలేదు. అయిదో వారం ఒక అమ్మాయి, మగపిల్లలు కుళాయి దగ్గర చేరి మమ్మల్ని నీళ్ళు తాగనివ్వడం లేదు అంది. సోమవారం నేనే వెళ్ళి కుళాయి దగ్గర నిలబడ్డాను. ఆ తర్వాత వారం ఏడుగురు మాట్లాడారు. కొట్టకపోవడం అంటే వదిలెయ్యడం కాదు. బల్ల విరగ్గొడితే బాగుచేయాలి. హోమ్‌వర్క్ చేయకపోతే ఆగి చేసి వెళ్ళాలి. అందరికీ ఒకటే రూలు, నా మూడ్‌ని బట్టి మారకూడదు. ఇది కొట్టడం కన్నా చాలా కష్టం, చాలా నెమ్మది. అందుకే మనం చేయం.

ఇంకొక్క విషయం. పిల్లలు చెప్పేలా చేస్తే సరిపోదు. 2023 ఆగస్టులో తమిళనాడు తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి, పన్నెండో తరగతి, కులం పేరుతో తోటి పిల్లలు వేధిస్తుంటే భయపడి బడి మానేశాడు. టీచర్లు ఎందుకు రావడం లేదని అడిగితే ధైర్యం చేసి చెప్పాడు. ఆ రాత్రే ఆ పిల్లలు ఇంటికొచ్చి వాడిని కొడవళ్ళతో నరికారు. అడ్డం పడిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ఆ కుర్రాడు బతికాడు, మరుసటి ఏడాది పరీక్ష రాసి 600కు 469 మార్కులు తెచ్చుకున్నాడు. ఆ మార్కుల గురించి అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం మధ్యలో ఉన్న ఆ కొన్ని గంటలే గుర్తొస్తాయి. వాడు చెప్పాడు. చెప్పిన తర్వాత వాడి పక్కన ఎవరు నిలబడ్డారు? పిల్లల దగ్గర నిజం రాబట్టుకుని, ఆ సాయంత్రం వాళ్ళను ఒంటరిగా ఇంటికి పంపడం కన్నా పెద్ద ద్రోహం లేదు. అలాంటి సందర్భం వస్తే పోలీసులకు చెప్పండి, 1098 చైల్డ్ లైన్‌కు ఫోన్ చేయండి, ఆ పూట వాడితో పాటు వాళ్ళింటిదాకా నడవండి.

హెడ్‌మాస్టారు గారూ, మీ బడిలో ఫిర్యాదుల పెట్టె పెట్టారు, సంతోషం. ఇందాక వస్తూ చూశాను. అది స్టాఫ్ రూమ్ గుమ్మం పక్కన, నోటీసు బోర్డు కింద ఉంది. ఎవరు చీటీ వేసినా వరండాలో ఉన్న బడంతా చూస్తుంది. మూత తీసి చూశాను, లోపల ఒక్క కాగితం లేదు. దయచేసి దాన్ని రేపే అక్కడి నుంచి తీయించి, లైబ్రరీ గదిలో బీరువా పక్కన పెట్టించండి. దానికో తాళం వేయించి, చెవి ఎవరి దగ్గర ఉండాలో పిల్లల్నే అడగండి.