ఫెయిరింగ్ వెనక ఏముంది? సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైక్ చూసే పద్ధతి

యాంకర్: అందరికీ నమస్కారం. ఈ రోజు మాట్లాడుకునేది సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకుల గురించి. యమహా ఆర్15, కేటీఎం ఆర్‌సీ 390, కవాసకి నింజా 300, టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 లాంటివి. ట్రాక్ మీదకి కాదు. రోజూ ఆఫీసుకి, వీలున్నప్పుడు హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా వెళ్లి రావడానికి. అన్నా, బండి దగ్గరికి వెళ్లగానే ముందు స్టార్ట్ చేసి చూడాలా?

మెకానిక్: వద్దు తమ్ముడూ. ఇంజిన్ సంగతి తర్వాత. ముందు బండి తిన్నగా ఉందో లేదో చూడాలి. ఇంజిన్ పాడైతే పిస్టన్ దొరుకుతుంది, రింగులు దొరుకుతాయి, క్లచ్ ప్లేట్లు దొరుకుతాయి. ఖర్చవుతుంది గానీ బాగవుతుంది. చాసిస్ మెడ, అంటే హ్యాండిల్ బిగించి ఉండే చోటు, వంగితే మాత్రం ఎంత పోసినా ఆ బండి నమ్మకంగా నడవదు. పైగా మామూలు బండి పడితే దెబ్బ కళ్లకి కనిపిస్తుంది. స్పోర్ట్స్ బండికి ఒంటినిండా ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్ తొడుగునే ఫెయిరింగ్ అంటారు. బయట దొరికే ఫెయిరింగ్ సెట్ బిగించి స్టిక్కర్లు అంటిస్తే నిన్న షోరూమ్‌లోంచి దిగినట్టే ఉంటుంది.

యాంకర్: అంటే ఫెయిరింగ్ విప్పి చూడాల్సిందేనా? అమ్మే మనిషి ఒప్పుకోవాలి కదా.

మెకానిక్: మొత్తం విప్పక్కర్లేదు. ఒక అలెన్ కీ సెట్టు, ఒక టార్చ్ జేబులో పెట్టుకుని వెళ్లు. ఒక పక్క ప్యానెల్ తీస్తే చాలు. అదీ ఒప్పుకోకపోతే బోల్టుల తలలు చూడు. ఒకటి అలెన్, పక్కది స్టార్, ఇంకోటి ఏదో మామూలు స్క్రూ అంటే అది చాలాసార్లు విప్పి బిగించిన బండి. తర్వాత ముందు చక్రం వైపు నుంచి లోపలికి టార్చ్ కొట్టు. ప్యానెల్‌ని పట్టుకునే ప్లాస్టిక్ చెవులు విరిగి, ఎం-సీల్ పెట్టారా, జిప్ టై కట్టారా తెలిసిపోతుంది. హెడ్‌లైట్ వెనకుండే స్టే కూడా చూడు. సన్నటి రాడ్డు అది, ముందు నుంచి దెబ్బ తగిలితే మొదట వంగేది అదే. దానికి వెల్డింగ్ కనిపిస్తే ముందు నుంచే గుద్దుకుందని అర్థం.

యాంకర్: సైడ్‌కి పడ్డ బండి అయితే?

మెకానిక్: నిలబడి ఉండగా పక్కకి ఒరిగి పడ్డ బండికి హ్యాండిల్ బార్ చివర, లీవర్ కొస, ఫుట్‌పెగ్ కొస, సైలెన్సర్ చివర గీతలుంటాయి. దానికి భయపడక్కర్లేదు. మన పార్కింగుల్లో గీత లేని బండి దొరకడమే కష్టం. స్పీడులో జారిపోతే గీతలు పొడుగ్గా, ఒకే దిక్కుకి ఉంటాయి. ఇంజిన్‌కి రెండు పక్కలా ఉండే క్లచ్ కవరు గానీ మాగ్నెట్ కవరు గానీ అరిగి చదునవుతుంది. ఒక పక్క కవరు మాత్రమే కొత్తగా మెరుస్తుంటే, ఎందుకు మార్చారని అడుగు.

అన్నిటికంటే నిజం చెప్పేది స్టీరింగ్ స్టాపర్. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, కుడికి తిప్పితే చాసిస్ మెడ కింద ఒక చిన్న ఇనుప ముక్కకి వెళ్లి తగులుతుంది కదా, అది. గట్టిగా పడ్డప్పుడు హ్యాండిల్ విసురుగా వెళ్లి దాన్ని కొడుతుంది. అక్కడ సొట్ట ఉన్నా, విరిగినా, ఆ ఒక్క చోటే కొత్త పెయింట్ ఉన్నా ఇక బేరం వద్దు. ఫెయిరింగ్ మార్చినవాళ్లు స్టాపర్ జోలికి వెళ్లరు. ఛాసిస్ నంబరు కూడా ఆ మెడ మీదే కొట్టి ఉంటుంది. అంకెల చుట్టూ రుద్దినట్టు గానీ, మళ్లీ పెయింట్ వేసినట్టు గానీ ఉండకూడదు.

యాంకర్: సరే, ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాక్ గొట్టాలు? వంగాయో లేదో చూపుతో కనిపెట్టడం కష్టం కదా.

మెకానిక్: ఆర్15 వీ3కి మామూలు ఫోర్కులు, వీ4కి, ఆర్‌సీకి, ఆర్ఆర్ 310కి తలకిందుల ఫోర్కులు, అంటే సన్నటి రాడ్డు కింది వైపు ఉండేవి. మామూలు వాటికైతే ఒక స్టీల్ స్కేల్ తీసుకెళ్లి క్రోమ్ రాడ్డుకి నిలువుగా ఆనించి, వెనక నుంచి టార్చ్ వెయ్యి. మధ్యలో వెలుతురు కనిపిస్తే వంగినట్టే. తర్వాత గోరుతో రాడ్డు మీద పైనుంచి కిందికి గీకు. గోరు ఎక్కడైనా పట్టుకుంటే తుప్పు గుంట ఉన్నట్టు. ఆ గుంట పైకీ కిందికీ వెళ్తూ ఆయిల్ సీలుని కోస్తుంది. సీలు ఒక్కటీ మారిస్తే నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. తలకిందుల ఫోర్కులకి సీలు కిందికుంటుంది కాబట్టి కారిన ఆయిల్ నేరుగా బ్రేక్ కాలిపర్ మీదకే దిగుతుంది. ప్యాడ్లకి ఆయిల్ అంటితే బ్రేక్ పట్టదు, ప్యాడ్లు మార్చాల్సిందే.

ఆపైన కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు. ఒకరు సైడ్ స్టాండ్ మీదకి బండిని ఒరగదీసి ముందు చక్రం కొద్దిగా లేపాలి. ఇంకొకరు హ్యాండిల్‌ని రెండు వేళ్లతో మెల్లగా తిప్పాలి. సరిగ్గా మధ్యలోకి రాగానే గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయింది. గుంతల రోడ్ల మీద తిరిగితే మామూలుగానే పోతుంది, ముందు చక్రం గాల్లోకి లేపి వీలీలు కొడితే ఇంకా ముందు పోతుంది. ఇది మార్చుకోదగ్గదే, బేరంలో తగ్గించి అడుగు.

యాంకర్: స్టంట్లు చేసిన బండిని గుర్తుపట్టడానికి ఇంకేమైనా గుర్తులున్నాయా?

మెకానిక్: ఉన్నాయి. వెనక నంబర్ ప్లేటు కింది అంచు, టెయిల్ కింది ప్లాస్టిక్ రోడ్డుకి రాసుకుని అరిగి ఉంటాయి. వెనక స్ప్రాకెట్, అంటే చైన్ తిప్పే పళ్ల చక్రం, కంపెనీ ఇచ్చినదానికంటే పెద్దది వేసుంటారు. బండి ముందు చక్రం లేపి నడిస్తే ఇంజిన్ ఆయిల్ వెనక్కి చేరిపోయి పంప్‌కి అందదు. అలా పదే పదే జరిగితే క్రాంక్ బేరింగులు దెబ్బతింటాయి. బయటికి ఏమీ కనిపించదు, ఆర్‌పీఎం పెరిగాక అడుగు నుంచి బరువైన టకటక వస్తుంది. అలాంటి బండికి దూరంగా ఉండాలి.

ట్రాక్‌కి వెళ్లిన బండి వేరు. మద్రాస్ సర్క్యూట్, కోయంబత్తూరు కారి లాంటి రేస్ ట్రాకుల దాకా తీసుకెళ్లేవాళ్లు ఆయిల్ తరచూ మారుస్తారు. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి వైరు కట్టడానికి సన్నటి రంధ్రం కనిపిస్తే ట్రాక్‌లో తిరిగిందనుకోవచ్చు. అంతమాత్రాన చెడ్డదని కాదు, బండి తిన్నగా ఉందో లేదో చూసే, ఇందాక చెప్పిన పరీక్షలు ఇంకొంచెం శ్రద్ధగా చెయ్యాలి.

యాంకర్: చైను, టైర్లు, బ్రేకుల సంగతి?

మెకానిక్: చైన్ త్వరగానే చూడొచ్చు. వెనక స్ప్రాకెట్ చివరి పన్ను దగ్గర చైన్‌ని వెనక్కి లాగు. సగం పన్ను బయటపడితే చైన్, స్ప్రాకెట్ల కిట్ అయిపోయింది. పళ్లు కొక్కేల్లా ఒక పక్కకి వాలినా అంతే. చక్రం తిప్పుతూ చైన్ బిగువు చూడు, ఒక చోట బిగుసుగా, ఇంకో చోట వదులుగా ఉండకూడదు.

టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఐదేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా నేనైతే మార్చేస్తాను. రబ్బరు గట్టిపడి వానలో పట్టు వదిలేస్తుంది. పైగా చాలా స్పోర్ట్స్ బండ్లు తక్కువ తిరిగి ఎక్కువ రోజులు నిలబడి ఉంటాయి. రీడింగ్ తక్కువుంది కదా అని టైరు బాగున్నట్టు కాదు.

డిస్క్ మీద ఎంత మందం దాకా వాడొచ్చో మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్‌తో కొలిచి పోల్చు. బ్రేక్ పట్టినప్పుడు లీవరు వేలి కింద కొట్టుకుంటే డిస్క్ వంకర. బ్రేక్ ఆయిల్ టీ రంగులోకి మారితే చాన్నాళ్లుగా మార్చలేదు. రిమ్ములు మాత్రం మరిచిపోవద్దు. చక్రం లేపి తిప్పి, అంచుకి దగ్గరగా పెన్ను పట్టుకుని చూడు. గుంతల్లో పడి వంగిన అలాయ్‌ని కొట్టి సరిచేసి అమ్ముతారు. అలా సరిచేసిన చోట పగులు మొదలవుతుంది.

యాంకర్: ఇప్పుడు స్టార్ట్ చేద్దామా?

మెకానిక్: చెయ్యి, కానీ ముందు ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే వేడి చేసి పెట్టారు. చల్లారేదాకా ఆగు, లేదా మర్నాడు పొద్దున్నే రా. స్టార్టింగ్ కష్టం చల్లటి ఇంజిన్‌లోనే బయటపడుతుంది.

తాళం తిప్పగానే ఇంజిన్ లైటు, ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) లైటు రెండూ వెలగాలి. ఇంజిన్ లైటు స్టార్ట్ అయ్యాక ఆరాలి, ఏబీఎస్ లైటు బండి కొంచెం కదిలాక ఆరాలి. అసలు వెలగనే లేదంటే సంతోషపడకు, ఎవరో లైటు తీసేశారు. పొగ నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. చల్లటి పొద్దున మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి మామూలే. ఇంజిన్ వేడెక్కాకా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) నుంచి కూలెంట్ లోపలికి దిగుతోంది.

పది నిమిషాలు అలా ఐడిల్‌లో వదిలెయ్. రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగాలి, మళ్లీ ఆగాలి. కూలెంట్ డబ్బాలో తుప్పు రంగు నీళ్లుంటే ఎవరో కుళాయి నీళ్లు పోశారు. ఈ పరీక్ష ఆర్‌సీ 390కి తప్పనిసరి. సిటీ ట్రాఫిక్‌లో బాగా వేడెక్కే బండి అది, ఫ్యాన్ పనిచెయ్యకుండా తిప్పితే హెడ్ గాస్కెట్ పోతుంది.

చివరగా మల్టీమీటర్. బ్యాటరీకి, ఆఫ్‌లో ఉన్నప్పుడు 12.5 వోల్టుల పైన ఉండాలి. నాలుగు వేల ఆర్‌పీఎంలో 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే ఛార్జింగ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, కొత్త బ్యాటరీ వేసినా ఉడికిపోతుంది. 13 కూడా రాకపోతే కరెంటు తయారుచేసే స్టేటర్‌నో వైరింగ్‌నో అనుమానించు.

యాంకర్: నడిపి చూసేటప్పుడు?

మెకానిక్: రెండో గేర్‌లో గట్టిగా లాగి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలెయ్. గేరు న్యూట్రల్‌లోకి జారితే గేర్ డాగులు (గేర్లని పట్టి ఉంచే పళ్లు) అరిగాయి, ఇంజిన్ విప్పాల్సిందే. టాప్ గేర్‌లో తక్కువ స్పీడు నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పు. ఆర్‌పీఎం ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఖాళీ రోడ్డు మీద 40లో హ్యాండిల్‌ని వేళ్లతో తేలిగ్గా పట్టుకో. ఒక పక్కకి లాగితే, ముందు వెనక చక్రాలు ఒక వరసలో లేవని అనుమానం. చైన్ అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా ఒకేలా ఉన్నాయో చూసుకుని, అవి సరిపోయినా లాగుతుంటే తిరిగి ఇచ్చెయ్.

యాంకర్: ఇప్పుడు మోడళ్లు. వీటిలో మీరు రోడ్డుకి ఏది చెప్తారు?

మెకానిక్: రోజూ తిప్పడానికీ, హైవేకీ రెండింటికీ అంటే నింజా 300. 296 సీసీ, రెండు సిలిండర్లు, వందలో కూడా నిమ్మళంగా ఉంటుంది. సీటు ఎత్తు తక్కువ, మణికట్ల మీద బరువు పెద్దగా పడదు. ఏబీఎస్ కావాలంటే 2018 నుంచి వచ్చినవి చూడు. యమహా ఆర్3కి కూడా ఇదే స్వభావం. ఆర్15 వీ3లో చిన్న ఇంజిన్ అయినా వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే వీవీఏ వల్ల పై ఆర్‌పీఎంలో బాగా లాగుతుంది, ఖర్చు తక్కువ. కానీ వీ3కి ఏబీఎస్ 2019లో వచ్చింది, 2018 బండికి లేదు. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసింది 2019 ఏప్రిల్ నుంచే. ఆర్ఆర్ 310లో మొదటి బ్యాచ్‌లకి వైబ్రేషన్ ఎక్కువ. 2020లో బీఎస్6 వచ్చాక బాగా నునుపైంది, అవే చూడు. ఆర్‌సీ 390 సరదా బండి, ఒప్పుకుంటాను. నడుం నొప్పి ఉన్నవాళ్లు, రోజూ ట్రాఫిక్‌లో గంట నలిగేవాళ్లు ఒక అరగంట నడిపి చూశాకే నిర్ణయించుకోవాలి.

యాంకర్: కాగితాల సంగతి నేను చెప్తాను. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి, ఆర్సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) మీద ఫైనాన్స్ ఉందో లేదో చూడండి. ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే లెటరు, ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు పూర్తిగా ఇవ్వాలి. ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, ఫారం 30. పేరు మార్పుకి కొన్నవాళ్లు 30 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవాలి. ఈ-చలాన్లు కూడా వెతకండి, మీ పేరు మీదకి మారకముందే కట్టించండి. బెంగళూరు, పుణె బండి చవగ్గా కనిపిస్తుంది, అయితే ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి లెక్క వేసుకోండి.

ఇన్సూరెన్స్‌లో ఒక చిక్కుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూ వీలర్లకి థర్డ్ పార్టీ ఐదేళ్లకి ఇస్తున్నారు. అందుకే ‘ఇన్సూరెన్స్ ఇంకా ఉంది’ అంటారు. అది థర్డ్ పార్టీ మాత్రమే కావచ్చు, మీ బండికి దెబ్బ తగిలితే పైసా రాదు. మీ బండి దెబ్బకి వర్తించే ఓన్ డ్యామేజ్ ఉన్నా, 14 రోజుల్లోపు కంపెనీకి చెప్పి మీ పేరు మీదకి మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌తోనే పోతుంది కాబట్టి ప్రీమియం పెరుగుతుంది, ఆ తేడా బేరంలో కలుపుకోండి.

మెకానిక్: బండి ధరలో పది, పదిహేను శాతం పక్కన పెట్టుకోమని కూడా చెప్పు. ఇంటికి తెచ్చిన వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్, డాట్ 4 బ్రేక్ ఆయిల్, స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ మార్పించాలి. పాత ఆయిల్‌ని తెల్లటి ట్రేలోకి దింపించు. సన్నటి బూడిద రంగు పొడి మామూలే. వేలితో పట్టుకోగలిగే ఇనుప పెచ్చులు వస్తే అక్కడే ఆపి, క్లచ్ కవరు విప్పించు. ఆ తర్వాత 500 కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ వేడిగా ఉండగా ఆపి, కొన్ని నిమిషాలాగి, బండిని నిలువుగా పట్టుకుని ఆయిల్ కిటికీలోంచి లెవెల్ చూడు. పై గీత నుంచి ఎంత దిగిందో రాసి పెట్టుకో, మళ్లీ వెయ్యి కిలోమీటర్ల దగ్గర చూడు.