బండి మీద నాటు గుడ్డు

అందరికీ నమస్కారం. పార్కింగ్ గొడవలు పక్కనబెట్టి కాలనీ మీటింగులో గుడ్ల గురించి మాట్లాడమన్నారు, సంతోషం.

మొన్న మా వీధి చివర ఒకాయన గోధుమరంగు గుడ్లు బండి మీద పెట్టుకుని "నాటు గుడ్లమ్మా" అన్నాడు. "పెట్టలు ఎక్కడ తిరుగుతాయి బాబూ?" అని అడిగాను. "తిరగడమేంటమ్మా, కేజ్‌లో ఉంటాయిగా!" అన్నాడు. పాపం, అబద్ధమాడటం రాలేదు. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, పెంపకాన్ని బట్టి కాదు. ఆ రంగుకే మనం గుడ్డుకి నాలుగైదు రూపాయలు ఎక్కువిచ్చేస్తున్నాం.

కోళ్ల ఫారాలు ఎక్కువుండే తణుకు, అనపర్తి వైపు చుట్టాలున్నవాళ్లు కేజ్ చూసే ఉంటారు. అడుగంతా ఇనుప తీగలు, అదీ ముందుకు వాలుగా. పెట్టిన గుడ్డు పెట్టినట్టే దొర్లి బయటి గాడిలోకి వచ్చేస్తుంది. ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లు. మామూలు కేజ్‌లో కోడికి దక్కే చోటు అంతకూడా ఉండదు, రెక్క చాచలేదు. మా అమ్మమ్మగారింట్లో పెట్ట గుడ్డుకొచ్చిందంటే ఇల్లంతా గాలించేది. మంచం కింద, బియ్యం బస్తా వెనక, చివరికి గడ్డి పరిచిన గంపలో సర్దుకునేది. కేజ్‌లో పెట్టకీ అదే ఆరాటం, గంపే ఉండదు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఫారాల్లో కోళ్ల ముక్కు కొన కత్తిరిస్తారు. నన్నడిగితే దానికన్నా ఈ గంప లేకపోవడమే పెద్ద హింస. కదలడానికి చాలని బోనులో జంతువును ఉంచడం నేరమని మన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టమే అంటోంది మరి.

రైతును తిట్టడానికి రాలేదు. మేత ఖర్చు, పూటకో గుడ్డు రేటు, ఆయన టెన్షన్ ఆయనది. కోడిని కిందికి వదలాలంటే చోటు కావాలి, మనిషి కావాలి, ఆ ఖర్చు మనమే ఇవ్వాలి.

యూరప్‌లో పాతరకం కేజ్‌లు 2012లోనే ఆపేశారు. అక్కడ గుడ్డు మీదే ముద్ర ఉంటుంది. 0 అంటే ఆర్గానిక్, 1 ఆరుబయట తిరిగింది, 2 షెడ్డులో వదిలింది, 3 అంటే గూడు కూడా ఉండే కొత్తరకం కేజ్. మన బండి మీద గుడ్డుకి ఆ అంకె ఉండదు, కాబట్టి నోరు తెరిచి అడగాలి. కేజా, కింద వదిలారా? గుడ్డు పెట్టే గూళ్లున్నాయా? మట్టిలో పొర్లే చోటుందా? డబ్బా మీద "ఫార్మ్ ఫ్రెష్" అని ఉంటే వీటిలో దేనికీ జవాబు దొరకదు. "కేజ్ ఫ్రీ" అన్నా షెడ్డు దాటి బయటికొచ్చిందని కాదు.

మేం వారానికి 30 గుడ్ల ట్రే తెచ్చేవాళ్లం. ఇప్పుడు కింద వదిలి పెంచే ఒకతని దగ్గర 18 తెస్తున్నాం, ఖర్చు దాదాపు అంతే. ఆమ్లెట్ చిన్నదైందని మా ఆయన సణుగుతూనే ఉన్నారు.