డప్పు కాగేదాకా ఆగుదాం

(హనుమకొండలో ఒక స్కూలు గ్రౌండులో జరిగిన ఉచిత జానపద ఆటపాటల పండుగ తొలి సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ శనార్థులు.

ముందు కూర్చున్న పెద్దలకు, వెనక గోడెక్కిన పిల్లలకు, చంటిబిడ్డల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకు, గ్రౌండు ఇచ్చిన స్కూలు వాళ్ళకు, పొద్దున్నుంచి ఇక్కడ ఊడ్చి, నీళ్ళు చల్లి, సున్నపు గీతలు గీసిన మున్సిపల్ కార్మికులకు, వంట దగ్గర ఉన్న అక్కలకు దండాలు. ఇంకా చాలా పేర్లు ఇచ్చారు. అవన్నీ చదువుకుంటూ పోతే కళాకారుల టైం నేను తిన్నట్టవుతుంది. అందుకని ఇక్కడే ఆపేస్తున్నా.

కానీ ఒక మాట ముందే చెప్పాలి. కార్డు మీద నన్ను ముఖ్య అతిథి అని వేశారు. ముఖ్య అతిథులు అదిగో, ఆ వేపచెట్టు కింద కూర్చున్నారు. జనగామ వైపు నుంచి వచ్చిన ఒగ్గు బృందం, చిందు బృందం, ములుగు అడవి నుంచి డోళ్ళు మోసుకొచ్చిన కోయ అన్నలు, మన వాడల డప్పు తమ్ముళ్ళు, కోలాటం అక్కలు. మనమందరం వాళ్ళను పిలిచినవాళ్ళం. పిలిచినవాళ్ళకు కొన్ని బాధ్యతలుంటాయి. ఈ పూట నేను మాట్లాడేది వాటి గురించే.

నాకు ఇచ్చిన అంశం వేరు. ‘జానపద కళలు, నేటి సమాజం’ అన్నారు. రాసుకుని కూడా వచ్చాను. వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద చేసిన పరిశోధనతో మొదలుపెట్టి, మన ఊళ్ళోనే ఉన్న తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం దాకా వద్దామనుకున్నాను. అయితే ఇందాక గేటు దగ్గర ఒక పిల్లగాడు నన్ను ఆపి అడిగాడు. ‘సార్, ప్రోగ్రాం ఫ్రీ అని బ్యానర్ కట్టారు. మరి డబ్బా పెట్టి బియ్యం, పైసలు ఎందుకు అడుగుతున్నారు?’ అన్నాడు. వాడిది మంచి ప్రశ్న. నా కాగితం జేబులో పెట్టేసి దానికే జవాబు చెప్తాను.

బిడ్డా, మన ఊళ్ళల్లో ఆట ఎప్పుడూ ఫ్రీయే. చిందోళ్ళు వస్తే, శారదకాండ్లు వస్తే, బుడిగ జంగాలు వస్తే ఎవ్వరూ టికెట్ పెట్టలేదు. గద్దె దగ్గర గొంగడి పరుచుకుని ఎవరైనా కూర్చోవచ్చు. కానీ ఆడినవాళ్ళు ఉత్తచేతులతో ఊరు దాటి పోలేదు. చిందోళ్ళకు, డక్కలోళ్ళకు మాదిగ వాడల మీద మిరాసి, అంటే తరతరాల హక్కు, ఉంది. మాదిగల పుట్టుక కథ జాంబ పురాణం చెప్పడం వాళ్ళ పని, వాళ్ళ వంతు ఇవ్వడం వాడ పని. కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తారు. కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు పాండవుల కథ చెప్తారు. ఒగ్గువాళ్ళు గొల్ల కురుమల ఇళ్ళల్లో మల్లన్నకు పట్నం వేసి, బీరప్ప కథ రాత్రుళ్ళ తరబడి నడిపిస్తారు. ఎవరికి ఎంత ముట్టాలో ఊరికి తెలుసు. వడ్లు, బట్టలు, పైసలు, ఒక్కోసారి మేక. వచ్చినవాళ్ళు చెయ్యి చాచి అడుక్కోలేదు, ‘మా వంతు ఏదీ’ అని నిలదీసి తీసుకున్నారు.

ఇప్పుడు ఆ మిరాసి ఎక్కడుంది? పత్తి అమ్మి పైసలు బ్యాంకులో వేసుకునే కాలంలో కల్లం దగ్గర వంతు కొలిచేదెవరు? ఇంటి పెద్దలు పోయారు. పిల్లలు హైదరాబాద్ పోయారు. కొందరికి తమ కులానికి ఒక కథ చెప్పేవాళ్ళు ఉన్నారనే తెలియదు. అందుకే గేటు దగ్గర ఆ డబ్బా. ఒక కులం ఇచ్చే వంతు పోయింది కాబట్టి, మొత్తం బస్తీ కలిసి ఇద్దామని. ఉన్నవాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళు ఇవ్వరు, ఇద్దరూ ఒకే జంపఖానా మీద కూర్చుంటారు. టికెట్ పెడితే మా కాలనీలో ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, అడ్డా కూలీలు, వాళ్ళ పిల్లలు గేటు బయటే ఉండిపోతారు. అసలు ఈ పాటలు ఎవరివి? నాట్లేసేవాళ్ళవి, కలుపు తీసేవాళ్ళవి. వాళ్ళ పాట వాళ్ళకే టికెట్ పెట్టి అమ్ముదామా?

ఇక రెండో మాట. ఇది చెప్పకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు. అందరికీ ఆ మిరాసి గౌరవం కూడా దక్కలేదు. మా తాత డప్పు కొట్టేవాడు. దొర చాటింపు వేయమంటే వేయాలి. పీనుగ లేస్తే ముందు నడవాలి. పెళ్ళి ఊరేగింపు అయితే అర్ధరాత్రి దాకా కొట్టాలి. వెట్టి. పైసా లేదు. అందరూ తిన్నాక, ఇస్తరాకులు ఎత్తే వేళకు, పందిరి అవతల మట్టిలో కూర్చోబెట్టి మిగిలిన బువ్వ పెట్టేవాళ్ళు. అదీ ఫ్రీ ప్రోగ్రామే! చూసినవాళ్ళకు ఖర్చు లేదు, కొట్టినవాడికి కూలి లేదు. 1946లో లేచిన తెలంగాణ సాయుధ పోరాటం ఆ వెట్టి మీద కూడా. గొల్ల సుద్దులు, బుర్రకథ దొరల గుట్టు విప్పి ఊరూరా చెప్పాయి. అంత పోరాటం జరిగిన గడ్డ మీద, ఇన్నేళ్ళ తర్వాత, ఒక కళాకారుడిని పిలిచి ‘మీకు మంచి ఎక్స్‌పోజర్ వస్తుంది, చార్జీలు మీరే చూసుకోండి’ అని ఎట్లా అంటారు? అంటున్నారు. నా ముందే అన్నారు.

ఆ సంగతి చెప్తాను. నాలుగు ముక్కల్లో ముగిద్దామనుకున్నా కానీ అది నాలుగు ముక్కల్లో ఒదగదు.

కొన్నేళ్ళ కింద ఒక పెద్ద సభ. ఎవరిదో, ఎక్కడో వద్దు. మా వాడ పిల్లల డప్పు బృందాన్ని పిలిచారు. టీచర్‌ను కదా, తోడుగా నన్ను పంపారు. పొద్దున తొమ్మిదింటికే రమ్మన్నారు. పోతే, గేటు దగ్గర రెండు వరుసల్లో నిలబెట్టారు. పెద్దాయన కారు వచ్చినప్పుడు కొట్టాలి, అదీ పని. మాతో పాటు ఒగ్గు డోళ్ళవాళ్ళు ఉన్నారు, బోనాలెత్తిన ఆడవాళ్ళు ఉన్నారు. కారు మధ్యాహ్నం వచ్చింది. అద్దం కూడా దించలేదు. కారు లోపలికి పోయేదాకా కొట్టారు, గేటు మూసేశారు. బృందంలో ఒక ముసలాయన, మల్లన్న కథ మొత్తం నోటికి వచ్చినవాడు, తెల్లారేదాకా జనాన్ని కూర్చోబెట్టగలవాడు, గేటు బయట డోలు మీద కూర్చుని నన్ను అడిగాడు. ‘పంతులూ, కథ ఎప్పుడు చెప్పమంటరు?’ అని. కథ ఎవరడిగారు? ఆ మాట ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అంతటితో కాలేదు. మేము బతిమాలితే సాయంత్రం హాలు లోపల డప్పుకు ఐదు నిమిషాలు ఇచ్చారు. వానాకాలం. పొద్దంతా ముసురు. తోలు మెత్తబడిపోయింది. మేకతోలు తడి గాలికి ఒదులవుతుంది, మంట చూపిస్తే తప్ప బిగుసుకోదు. హాలు వెనక కాసిన్ని కాగితాలు కాల్చుకుంటామంటే సెక్యూరిటీ వద్దన్నాడు. రూల్ ఉంది, అర్థం చేసుకోవచ్చు. అయితే షెడ్డు కింద, బయట, అంటే అదీ వద్దన్నారు. పిల్లలు అట్లాగే ఎక్కారు. ఎంత కొట్టినా బొద్దుబొద్దుమని తప్ప మోత లేదు. ముందు వరుసలో ఒకాయన పక్కాయనతో ‘ప్రాక్టీస్ లేదు వీళ్ళకు’ అన్నాడు. నేను విన్నాను. పిల్లలూ విన్నారు. మూడో నిమిషంలోనే యాంకరమ్మ మైకు పట్టుకుని వచ్చి ‘ఒక్కసారి గట్టిగా చప్పట్లు’ అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒక్కడూ మాట్లాడలేదు. అందులో ఒకడు ఆ తర్వాత డప్పు ముట్టలేదు. ఇప్పుడు డీజే బండి మీద పనిచేస్తున్నాడు.

అమ్మా, అయ్యా, ఒక్కసారి అటు తిరగండి. అదిగో, గడ్డి మంట పెట్టారు. ఆ తమ్ముళ్ళు డప్పులు మంటకు కాస్త ఎడంగా పట్టుకుని తిప్పుతున్నారు చూడండి. ఎడంగానే పట్టుకోవాలి, తొందరపడి దగ్గర పెడితే తోలు పగులుతుంది. ఆ చివరి పిల్లవాడు వేళ్ళతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. అంచున ఒక మోత, నడుమ ఒక మోత. రెండూ కుదిరేదాకా ఇంకా కాపాలి. లావు సిర్ర ఒక దెబ్బ వేస్తే, సన్నటి సిటికెన పుల్ల దాని సందుల్లో పలుకుతుంది. కాగినాక ఎట్లా మోగుతుందో మీకే తెలుస్తుంది. అప్పటిదాకా మనం ఆగుదాం. నన్ను మాట్లాడమన్నది కూడా అందుకే. నాకు టైం ఇవ్వలేదు వీళ్ళు, డప్పుకు ఇచ్చారు. మంచి పని చేశారు.

ఈ పండుగలో ఎవరికీ ఐదు నిమిషాలు లేవు. ఒగ్గు కథ ఈ రాత్రి మొదలైతే ముగిసినప్పుడే ముగుస్తుంది. మన జనగామ పక్క మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారు, వేములవాడ దగ్గరి మిద్దె రాములు గారు వేల జనాన్ని కూర్చోబెట్టారంటే అది టైం ఇచ్చినందుకే కదా! కథకుడు పాడతాడు, వంత అందుకుంటాడు, మధ్యలో ఒక నవ్వు, ఒక ఏడుపు, డోలు లేచి మళ్ళీ దిగుతుంది. అందులోంచి ఐదు నిమిషాలు కోసి ఇవ్వమంటే ఏం ఇస్తాడు? గంతులు ఇస్తాడు. మనం గంతులనే ఒగ్గు అనుకుంటాం. చేర్యాల పటాలకూ ఇదే గతి పట్టింది. గజాల కొద్దీ విప్పుకుంటూ కథ చెప్పే పటాలు అవి. ఇప్పుడు ఒక్క బొమ్మ, ఒక్క ఫ్రేము, డ్రాయింగ్ రూము గోడ. ఆ పటాలు వేసే నకాషీ కళాకారులు బతకాలి కాబట్టి వేస్తున్నారు, వాళ్ళను తప్పు పట్టను. ఆ పటం ముందు నిలబడి కథ చెప్పేవాడు మాత్రం ఏమైపోయాడు?

పద్మశ్రీలు వచ్చాయి, సంతోషం. 2021లో గోండుల గుస్సాడీ ఆట ఆడిన కనకరాజు గారికి, 2022లో మేడారం సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య గారికి, 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య గారికి. కనకరాజు గారు, రామచంద్రయ్య గారు ఇద్దరూ 2024లోనే వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక వంత పాడినవాళ్ళు, తాళం వేసినవాళ్ళు, వేషం కట్టినవాళ్ళు బతికే ఉన్నారు. ఒక చిందు ఆట నిలబడాలంటే ఇంటిల్లిపాదీ కావాలి. అవార్డు ఒక్కరికి వస్తుంది. మన దగ్గర మాత్రం వంత పాడేవాడికీ ముట్టాలి. ముట్టింది కూడా. చెప్పడం మరిచాను, అందరికీ నిన్ననే ఇచ్చేశారు, ఆట కాకముందే. ఇకనుంచి ఎప్పుడూ అట్లాగే ఇవ్వాలి.

‘అన్ని వయసులవాళ్ళకూ’ అని బ్యానర్ మీద రాశారు. దీని మీద కూడా నాకొక పోరు ఉంది. బతుకమ్మకు వెయ్యి స్తంభాల గుడి దగ్గర చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఒక అవ్వ పాట ఎత్తుకునేది, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. అవ్వ ఎంత మెల్లగా అడుగేస్తే వలయం అంత మెల్లగా తిరిగేది. చప్పట్లూ అంతే. అందుకే నడుం వంగిన ముసలమ్మ, పావడా కట్టిన మూడేళ్ళ పిల్ల ఒకే వలయంలో పట్టేవాళ్ళు. డీజే పెట్టగానే అడుగు ఉరుకు అయింది. మొదట ముసలమ్మలు పక్కకు జరిగారు. తర్వాత చంటిపిల్లల తల్లులు. పాట తెలిసినవాళ్ళు కుర్చీల్లో, తెలియనివాళ్ళు వలయంలో! అవ్వ నోరు తెరిచినా ఆ స్పీకర్ల ముందు ఎవరికి వినపడుతుంది? వయసు పిల్లలు ఎగరొద్దని నేననను. ఎగరండి, రేపు డప్పు దరువులకు ఎగరండి, ఎంత ఎగరగలరో చూద్దాం. కానీ రేపు సాయంత్రం బతుకమ్మ పాటలకు మైకు అవ్వల దగ్గర మాత్రమే ఉంటుంది. వాళ్ళు ఎత్తుకోవాలి, మనం అందుకోవాలి. ఏ అవ్వకైనా కాళ్ళు నొప్పులైతే నడుమ కుర్చీ వేస్తాం, అక్కడ కూర్చుని పాడుతుంది.

పిల్లల తల్లిదండ్రులారా, మీకొక విన్నపం. పిల్లలు పొద్దుగూకితే హోంవర్క్, తెల్లారితే స్కూల్ బస్సు, ఆ టెన్షన్ నాకు తెలుసు, పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పే రిటైర్ అయ్యాను. ఈ రెండు రోజులు వదిలేయండి. రేపు పొద్దున ఏడింటికి చిరుతల భజన నేర్పిస్తారు. చిరుతలు ఇక్కడే ఇస్తారు, కొనక్కర్లేదు. తర్వాత కోలాటం. కాలు తప్పితే తప్పనివ్వండి, జడకోలాటంలో తాళ్ళు చిక్కుపడితే పడనివ్వండి, మళ్ళీ విప్పి మొదలుపెడతారు. మీరు పక్కన నిలబడి వీడియో తీయడం కాదు, మీరూ దిగండి. ఫోన్లు పట్టుకున్న తమ్ముళ్ళూ, మీకూ ఇదే మాట. తీయాలనుకుంటే ఒగ్గు కథ మొత్తం తీయండి, కథకుడిని అడిగి తీయండి, ఆయన పేరు, ఊరు పెట్టండి. ముక్క కోసి, మీద సినిమా మ్యూజిక్ వేసి వదలకండి.

నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. డప్పులు ఇంకా కాగలేదు, నాకు రెండు నిమిషాలుంది.

డబ్బా లెక్క రేపు రాత్రి ఇక్కడే, మైకులో చదివి వినిపిస్తారు. ఎంత వచ్చింది, ఏ బృందానికి ఎంత ముట్టింది, ఎంత మిగిలింది. ఇచ్చినవాళ్ళ పేర్లు చదవరు. బియ్యం ఇచ్చినవాళ్ళు వంట దగ్గర అప్పజెప్పండి. ఒగ్గు కథకు ముందు భోజనాలు. పప్పు, వంకాయ కూర, పచ్చి పులుసు. మొదటి బంతిలో వేపచెట్టు కింద ఉన్నవాళ్ళు కూర్చుంటారు. డప్పు తమ్ముళ్ళు నడుమ కూర్చోవాలి, చివర కాదు. వడ్డించడానికి మనలో పదిమంది కావాలి, చేతులెత్తండి. వాళ్ళు తిని చేతులు కడుక్కున్నాకే మనం కూర్చుందాం.