శ్రీశైలం చూసిన రష్యన్ వర్తకుడు: అఫనాసీ నికితిన్

సభకు నమస్కారం.

వాస్కో డ గామా ఓడలు 1498లో కాలికట్ చేరడానికి పాతికేళ్లకు పైగా ముందే, రష్యాలోని త్వెర్ నగరానికి చెందిన అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు కొంకణ తీరంలోని చౌల్ రేవులో దిగి, జున్నార్ మీదుగా బహమనీల రాజధాని బీదర్ చేరి, అక్కడి నుంచి శ్రీశైలం దాకా వచ్చాడు. ఆయనను ఇంత దూరం తరిమినవి అప్పులు. ఆ సంగతి మనసులో ఉంచుకుని చదివితేనే ఈ ప్రయాణం గురించి ఆయన రాసుకున్న రాతల విలువ తెలుస్తుందని నా అభిప్రాయం.

నికితిన్ మొదట బయలుదేరింది వోల్గా నది మీదుగా కాస్పియన్ సముద్రం ఒడ్డునున్న షిర్వాన్ రాజ్యానికే. ఆస్త్రఖాన్ దగ్గర తాతార్లు దాడిచేసి సరుకుతో పాటు ఆయన మతగ్రంథాలను కూడా దోచుకున్నారు. తిరుగు ప్రయాణానికి సాయం చేయమని వర్తకులంతా షిర్వాన్ పాలకుణ్ణి వేడుకున్నా చిల్లిగవ్వ రాలలేదు. స్వదేశంలో ఏదో కొంత ఉన్నవాళ్లు ఇంటిదారి పట్టారనీ, అప్పులున్నవాళ్లు కాళ్లు తీసుకెళ్లిన చోటికి పోయారనీ ఆయనే రాసుకున్నాడు. అలా బాకూ, పారశీక దేశం దాటి హోర్ముజ్ రేవు చేరి, ఒక మగ గుర్రంతో ఓడ ఎక్కాడు.

దక్కనులో మేలుజాతి గుర్రాలు పుట్టవు. బహమనీలకూ విజయనగరానికీ అశ్వదళాలు కావాలి గనుక, సముద్రం మీద వచ్చే గుర్రానికి మంచి ధర పలికేది. ఇక్కడ గుర్రాలకు శనగలు పెడతారనీ, చక్కెర, నెయ్యి వేసి కిచిడీ వండి పెడతారనీ నికితిన్ వివరంగా రాశాడు. ఆయన గుర్రం ఖరీదు వంద రూబుళ్లు. జున్నార్ పాలకుడు అసద్ ఖాన్ దాన్ని లాక్కుని, ఇస్లాం స్వీకరిస్తే గుర్రంతో పాటు వెయ్యి బంగారు నాణేలు ఇస్తానని, కాదంటే తల మీద అంతే సొమ్ము జరిమానా వేస్తానని నాలుగు రోజుల గడువు పెట్టాడు. మహమ్మద్ అనే ఒక ఖొరాసానీ (పారశీకంలోని ఖొరాసాన్ ప్రాంతీయుడి) మధ్యవర్తిత్వం వల్ల గుర్రమూ మతమూ రెండూ దక్కాయి.

బీదర్‌లో అప్పుడు మంత్రిగా చక్రం తిప్పుతున్న మహమూద్ గవాన్ కూడా పారశీకం నుంచి వచ్చినవాడే. ఆయన బిరుదు మలికుత్తుజార్, అంటే వర్తకరాజు. ఒక వర్తకుడు రాజ్యమేలుతున్న ఊళ్లో మరో వర్తకుడు గుర్రం అమ్ముకోవడానికి నానా తంటాలు పడ్డాడు. తాను ముసల్మానును కానని, క్రైస్తవుణ్ణని చెప్పుకున్న తరువాత అక్కడి హిందువులు తమ తిండినీ, పూజలనూ, ఇంటి ఆడవాళ్లనూ ఆయనకు చాటు చేయడం మానేశారు. శ్రీశైల యాత్రకు తీసుకుపోయింది వాళ్లే.

ఆయన ‘పర్వత్’ అని పిలిచిన క్షేత్రాన్ని చరిత్రకారులు శ్రీశైలంగా గుర్తించారు. బీదర్ నుంచి నెల రోజుల నడక, అక్కడ ఐదు రోజుల సంత. గుడి త్వెర్ నగరంలో సగం ఉందట. చుట్టూ రాతిలో దేవుడి లీలలు పన్నెండు వరుసలుగా చెక్కి ఉన్నాయట. నేటికీ ఆ ప్రాకారం మీద బారులు తీరిన శిల్పాలను చూసినవారికి ఈ వర్ణన కొత్తగా తోచదు. బంగారు పూత పూసిన నల్లరాతి నందిని, దాని గిట్టలను ముద్దాడి పూలు చల్లే భక్తులను, ఆడామగా తేడా లేకుండా తలనీలాలిచ్చే జనాన్ని, తలకు ఇంతని వసూలు చేసే పన్నును కూడా ఆయన వదల్లేదు. దేవుడికి మాత్రం కోతి ముఖం, తోక ఉన్నాయన్నాడు. బహుశా హనుమంతుడి విగ్రహాన్ని చూసి ఉంటాడు. ఆ విగ్రహం ఎత్తిన కుడిచేతిని కాన్‌స్టాంటినోపుల్‌లోని జస్టీనియన్ చక్రవర్తి ప్రతిమతో పోల్చాడు. లక్షల్లో చెప్పిన జనసంఖ్యను నమ్మనక్కర్లేదు గానీ, పన్ను లెక్కలో వర్తకుడు పొరబడే అవకాశం తక్కువ.

వ్యాపారం మాత్రం ఫలించలేదు. ఇక్కడ సరుకు దండిగా దొరుకుతుందని చెప్పినవాళ్లు తనను మోసం చేశారని, మిరియాలు, రంగులు చౌకే అయినా తమ దేశానికి పనికివచ్చే సరుకేదీ లేదని, సుంకాలు ఎక్కువని, సముద్రంలో దొంగల బెడద ఉందని వాపోయాడు. కొంకణ తీరంలోని దాభోల్ రేవులో ఓడ ఎక్కి, గాలివాటుకు ఇథియోపియా తీరానికి కొట్టుకుపోయి, హోర్ముజ్, తబ్రీజ్ మీదుగా నల్ల సముద్రపు రేవు ట్రెబిజాండ్ చేరేసరికి అక్కడివాళ్లు సామానంతా సోదాచేసి ఉన్న కాస్త కూడా ఊడ్చుకున్నారు. ఆ సముద్రం దాటి స్వదేశం వైపు సాగిన ఆయన స్మోలెన్‌స్క్ చేరకముందే కన్నుమూశాడు.

ఆయన స్వహస్తాలతో రాసిన పుస్తకాలను వర్తకులు మాస్కోకు తెచ్చి వసీలీ మమిరేవ్ అనే రాజోద్యోగికి అప్పగించగా, 1475లో అవి రష్యన్ రాజవృత్తాంతంలోకి చేరాయి. మతగ్రంథాలు పోవడంతో ఈస్టర్ పండుగ ఎప్పుడో తెలియక ఆయన రోజులను అంచనాగా లెక్కగట్టుకున్నాడు; అందుకే ఆయన చౌల్‌లో దిగింది 1469లోనా, 1471లోనా అని పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.