పెద్ద కొండలే లేని దేశం నుంచి స్కీయింగ్ చాంపియన్

హోస్ట్: నమస్తే, హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాం. బయట ఎండ మాడ్చేస్తోంది, మనం మాత్రం మంచు గురించి మాట్లాడబోతున్నాం. జిమ్నాస్టిక్స్ కోచ్ అక్క మనతో ఉన్నారు. అక్కా, ఫ్రీస్టైల్ స్కీయింగ్, అంటే కాళ్లకు స్కీలు కట్టుకుని మంచు మీద జారుతూ విన్యాసాలు చేసే ఆట, అని మీరు చెప్పగానే, వరంగల్‌లో ఇది ఎవరు వింటారు అనుకున్నా.

కోచ్: ఎందుకు వినరు తమ్మీ? కెల్లీ సిల్డారు అని ఎస్టోనియా అమ్మాయి ఉంది. 2002లో పుట్టింది. ఆ దేశం మొత్తం జనాభా 13 లక్షల పైచిలుకు. మన పాత వరంగల్ జిల్లాలోనే 2011 లెక్కల ప్రకారం 35 లక్షల మంది ఉన్నారు. అక్కడ అన్నిటికన్నా ఎత్తైన కొండ 318 మీటర్లు, అదీ సముద్రమట్టం నుంచి కొలిస్తే.

హోస్ట్: మన ఊరే 260 మీటర్ల పైన ఉంటుంది కదా!

కోచ్: మరి! అలాంటి చోటు నుంచి వచ్చి 2016లో అమెరికాలోని ఆస్పెన్‌లో ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో స్లోప్‌స్టైల్ బంగారం కొట్టింది. అప్పటికి 13 ఏళ్లు.

హోస్ట్: ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మన నిజామాబాద్ జిల్లా పూర్ణ వయసు కూడా అంతే. 2014లో.

కోచ్: ఆమె మొదట ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. అందుకే నాకు వీళ్లిద్దరూ కలిపే గుర్తొస్తారు.

హోస్ట్: స్లోప్‌స్టైల్ అంటే ఏంటి?

కోచ్: ఒకే వాలు మీద ముందు ఇనుప రెయిళ్లు, తర్వాత పెద్ద పెద్ద జంపులు. రెయిళ్ల మీద జారాలి, జంపుల మీద గాల్లో తిరగాలి. వెనక్కి తిరిగి జారుతూ వచ్చి దూకితే దాన్ని స్విచ్ అంటారు. కుడికీ ఎడమకూ రెండు వైపులా తిరగగలిగితే జడ్జీలకు ఇష్టం. ఇక 1080, 1440 అని వింటావు చూడు, అవి డిగ్రీలు. 1440 అంటే నాలుగు చుట్లు.

హోస్ట్: ఇదంతా మంచు మీదే నేర్చుకుంటారా? పడితే?

కోచ్: లేదు. ముందు ట్రాంపొలిన్, అంటే స్ప్రింగులతో బిగించిన గుడ్డ మీద ఎగరడం. తర్వాత నీళ్లలోకి దూకే ర్యాంపో, పెద్ద ఎయిర్‌బ్యాగో. శరీరానికి అలవాటయ్యాకే మంచు. సగం పని మా జిమ్నాస్టిక్స్ పనే. అందుకే ఈ ఆట మీద నాకు కాస్త పక్షపాతం, ఏమనుకోకు.

హోస్ట్: ఒలింపిక్స్‌లో ఏమైంది?

కోచ్: అక్కడే అసలు కథ. 2018 ఒలింపిక్స్‌కు ముందు ఏడాది న్యూజిలాండ్‌లో ట్రైనింగ్ చేస్తుండగా మోకాలి లిగమెంట్ తెగింది, ఏసీఎల్ అంటాం కదా, అది. ఒలింపిక్స్ పోయింది. ఆమెకప్పుడు 15 ఏళ్లు. ఆ వయసులో ఆపరేషన్, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ అంటే మాటలా? తోటివాళ్లు కొత్త ట్రిక్కులు నేర్చుకుంటుంటే, నువ్వు గోడ పట్టుకుని మోకాలు వంచడం నేర్చుకుంటుంటావు. గాయం తర్వాత కాలు బాగుపడినా మనసు జంకుతుంది. అది నా పిల్లల్లో నేను చూశాను, దానికి ఏ డాక్టరూ మందు రాయలేడు.

హోస్ట్: మళ్లీ వచ్చిందా?

కోచ్: ఎలా వచ్చిందనుకున్నావు! 2019 జనవరిలో ఆస్పెన్‌లో ఒకే ఎక్స్ గేమ్స్‌లో మూడు పతకాలు. స్లోప్‌స్టైల్‌లో బంగారం, సూపర్‌పైప్‌లో వెండి, బిగ్ ఎయిర్‌లో కంచు. సూపర్‌పైప్ అంటే సగానికి కోసిన గొట్టంలాంటి మంచు కాలువ, దాని గోడల మీద నుంచి ఎగరాలి. బిగ్ ఎయిర్ అంటే ఒకే పెద్ద జంపు. మరుసటి నెల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో హాఫ్‌పైప్, అంటే అలాంటి కాలువ ఆటలోనే, బంగారం. ఒక్కో ఈవెంట్‌కు ఒక్కో ఒడుపు ఉంటుంది. మూడింట్లో పతకం అంటే చిన్న విషయం కాదు.

హోస్ట్: 2022 బీజింగ్?

కోచ్: స్లోప్‌స్టైల్ కంచు. అంతకుముందు ఎస్టోనియాకు వచ్చిన వింటర్ ఒలింపిక్స్ పతకాలన్నీ క్రాస్ కంట్రీ స్కీయింగ్‌వే. ఆ రోజు స్విట్జర్లాండ్ గ్రెమోకు 86.56, చైనా తరఫున దిగిన ఐలీన్ గుకు 86.23. బంగారానికీ వెండికీ మధ్య 0.33! ఇంత సన్నని తేడాను జడ్జీల చేతుల్లో పెట్టే ఆట నాకు పూర్తిగా నచ్చదు, కానీ మా జిమ్నాస్టిక్స్‌దీ అదే గతి.

హోస్ట్: డబ్బు సంగతి?

కోచ్: ప్రైజ్ మనీతో బతకడం కష్టం. స్కీలు, కళ్లద్దాలు, డ్రింకుల కంపెనీల ఒప్పందాలే ఆధారం. ఉత్తరాన ఎండాకాలం వస్తే న్యూజిలాండ్‌కు ఎగరాలి, అక్కడ అప్పుడు చలికాలం. టికెట్లు, కోచ్, ఫిజియో అన్నీ ఖర్చే. పేరొచ్చేదాకా ఆ భారం ఇంటి మీదే.

హోస్ట్: మన పిల్లలెవరైనా మొదలుపెట్టాలంటే?

కోచ్: కశ్మీర్‌లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు ఉంది, స్కీల మీద నిలబడడం అక్కడ నేర్చుకోవచ్చు. గాల్లో తిరగడానికి మాత్రం ఇక్కడి జిమ్ చాలు. మొదటి రోజే రీల్ చూపించి బ్యాక్‌ఫ్లిప్ నేర్పమంటారు. నేనేమో పెట్టె మీద నుంచి దూకి, మోకాళ్లు వంచి సరిగ్గా నిలబడమంటాను. వారాల తరబడి అదే. పిల్లలు ఎలాగో ఓర్చుకుంటారు. తల్లిదండ్రులే వచ్చి, "మేడమ్, దూకుడు తప్ప ఇంకేం లేదా?" అని అడుగుతారు.

హోస్ట్: మీరేమంటారు?

కోచ్: వచ్చే నెల కూడా దూకుడే అంటాను.